ముగ్గురు కృష్ణులూ, రెండున్నర వేల కుర్చీలూ

రెండున్నర వేల కుర్చీలట! శిల్పకళావేదిక గురించి మీ కుర్రకారు చెప్పుకునే మొదటి గొప్ప అదే. ఏం ఆడుతున్నారు, వేషం ఎవరిది అని ఒక్కడూ అడగడు. పార్కింగ్ ఉందా, ఏసీ బాగా తగులుతుందా, ఇవీ మీ ప్రశ్నలు. మీరు నాటకానికి వెళ్తున్నారో, పెళ్లికి ఫంక్షన్ హాలు మాట్లాడుకోవడానికి వెళ్తున్నారో నాకైతే బోధపడదు నాయనా.

మా రోజుల్లో మాదాపూర్ అంటే రాళ్లగుట్టలు, వాటి నడుమ దుర్గం చెరువు. పొద్దుగూకితే పనున్నవాడు కూడా అటు వెళ్లడానికి ఆలోచించేవాడు. 1992లో అక్కడ శిల్పారామం అని ఓ పల్లెటూరు కట్టారంటే, ఉన్న పల్లెటూళ్లు చాలక కొత్తదొకటా అని నవ్వుకున్నాం. 1998లో సైబర్ టవర్స్ లేచింది, వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు. 2002కల్లా శిల్పారామం పక్కన ఈ వేదిక కూడా వచ్చేసింది. చూస్తూ చూస్తుండగానే ఆ మూల నడిబొడ్డయి కూర్చుంది, మేమున్న నడిబొడ్డు మూలకి పోయింది.

మాకు హాలంటే రవీంద్రభారతి. టాగోర్ శతజయంతికని 1961లో కట్టింది. సుమారు వెయ్యి మంది పడతారు, చాలదూ? వెనక వరసలో కూర్చున్నా దుర్యోధనుడి కనుబొమ్మ లేస్తే కనపడాలి. ఆఫీసు వదిలాక లక్డీకాపూల్‌లో ఓ ఇరానీ చాయ్ తాగి, నడుచుకుంటూ వెళ్లి కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఈవెంట్ అంటే స్టేజీకి అటూ ఇటూ తాటిచెట్టంత తెరలు పెడతారు. మనిషి ఎదురుగా ఉంటే బొమ్మ చూడ్డమేమిటి?

ఆమాటకొస్తే రవీంద్రభారతి కూడా నాకు పట్నవాసపు అలవాటే. మా కృష్ణా జిల్లాలో నాటకమంటే తిరనాళ్లలో, పందిట్లో, రాత్రి పదింటికి మొదలై కోడి కూసేదాకా. కాంట్రాక్టు నాటకాలనేవాళ్లు. ఊళ్లో చందాలు వేసి కాంట్రాక్టరుకి కడితే, ఆయన పేరున్న నటుల్ని తలా ఒక ఊరి నుంచి పట్టుకొచ్చేవాడు. ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులు! పడకసీనుకొకరు, రాయబారానికొకరు, యుద్ధరంగానికొకరు. ఇందాక సన్నగా ఉన్న దేవుడు రాయబారానికి వచ్చేసరికి బొద్దుగా ఉన్నాడేమని అడిగినవాడు లేడు. పీసపాటి నరసింహమూర్తి గొప్పా, షణ్ముఖి ఆంజనేయరాజు గొప్పా అని మా నాన్నా, మేనమామా కొట్లాడుకుని పండక్కి మాటలు మానేశారు. పద్యం ఒక్క నిమిషం, దాని వెనక రాగం పది నిమిషాలు. జనం "వన్స్ మోర్" అని కేక పెడితే హార్మోనియం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది. అంతసేపూ కురుక్షేత్రం ఆగేది. తొందర ఎవరికి?

సౌకర్యాలా? చాప మనదే, దుప్పటి మనదే. పొద్దుండగానే ఓ పిల్లాణ్ణి పంపి చాప పరిపించి జాగా పట్టించేవాళ్లం. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, గోళీసోడా. బాత్రూము సంగతి మాత్రం అడక్కు. అడిగావు గనక చెప్తున్నా, చెట్ల చాటే గతి. మా అమ్మా, పిన్నులూ ఆ సాయంత్రం మంచినీళ్లు ముట్టేవాళ్లు కాదు. ఈ ముక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా మా ఆవిడ నా వంక ఓ చూపు చూస్తుంది. అందుకని ఇంట్లో చెప్పేటప్పుడు ఇక్కడ కాస్త వేగం పెంచుతాను.

ఇప్పుడు మీకేం, 2019 నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో ఉంది. ఎస్కలేటర్ మీద నిలబడితే చాలు, అదే మోసుకెళ్తుంది. నా మోకాళ్లకి అది తెగ నచ్చింది, నాకు మాత్రం నచ్చలేదు. ఆ మధ్య మనవడు బలవంతం చేస్తే శిల్పకళావేదికలో ఓ సినిమా ఆడియో ఫంక్షన్‌కి వెళ్లాను. చల్లటి గాలి, మెత్తటి కుర్చీ. అలాంటి కుర్చీలో కూర్చున్న మనిషికి నిద్ర రాదూ? వచ్చింది. మెలకువ వచ్చేసరికి హాలంతా చేతులు పైకెత్తి ఉంది. దండం పెడుతున్నారేమో అనుకున్నా. తీరా చూస్తే ఫోన్లు! స్టేజీ మీద ఎవరున్నారో ముందు వరస కుర్రాడి ఫోన్లోనే చూడాల్సి వచ్చింది. పాట విడుదల చెయ్యడానికి ఇంత హంగామానా? మా రోజుల్లో రేడియోలో విడుదలయ్యేది, పైసా ఖర్చు లేకుండా.

నా కోపం కుర్చీల మీద కాదు. అక్కణ్ణుంచి కాస్త ముందుకెళ్తే లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది. నీ క్యాబ్ రోజూ ఆ చుట్టుపక్కల నుంచే పోతుందేమో కూడా. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన కుటుంబాలవి, వనారస గోవిందరావు పెంచిన చెట్టు. తక్కినచోట్ల మగవాళ్లు మీసాలు గీయించుకుని ద్రౌపదులవుతున్న కాలంలో, వాళ్లింటి ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు. వాళ్ల మాయాబజార్ చూశావా? రెండు బాణాలు గాల్లో ఢీకొంటే నిప్పురవ్వలు రాలతాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. కంప్యూటరూ లేదు, గ్రాఫిక్సూ లేవు. తాడు, కప్పీ, తెర వెనక ఆ తాడు పట్టుకున్న ఓ మేనల్లుడు, అంతే. తాడు ఒక్క జానెడు ముందు వదిలితే నారదుడు నేల మీదుంటాడు. తరతరాలుగా వాళ్ల చేతుల్లో ఉన్న విద్య అది. ఇంత విద్య పొరుగునే పెట్టుకుని, రెండున్నర వేల కుర్చీల్లో కూర్చుని ట్రైలర్లు చూస్తారా?

సరే, ముసలాడి గొణుగుడు ఎప్పుడూ ఉండేదే. ఈసారి సురభి వాళ్ల నాటకం పడుతోందని తెలిస్తే మాత్రం వెళ్లు. ఫోను జేబులో పెట్టు. పద్యం నచ్చితే సిగ్గుపడకుండా "వన్స్ మోర్" అను. టికెట్టు ఫోన్లో ఎలా తీస్తారో నాకు చేతకాదు గనక నాదీ నువ్వే తియ్యి, నడవ పక్క సీటు చూసి. డబ్బులు అక్కడే ఇచ్చేస్తాను.