డ్రాయింగు మాస్టారి గ్రీష్మ దిగ్విజయం

ఏప్రిల్ 23. ఒంటిపూట బడి ముగిసే వేళ. ఉదయగిరి దుర్గం బండలన్నీ ఫాలాక్షుడి మూడోకంటికి ఎదురుగా నిలిచినట్టు ధగధగమంటున్నాయి. నీడలు సైతం నీడ వెతుక్కుంటూ చెట్ల మొదళ్లలోకి ముడుచుకుపోయాయి. అట్టి మహాగ్రీష్మ మధ్యాహ్నాన, బడి ఆవరణలో వేపకొమ్మకు వేలాడుతున్న రైలుపట్టా ముక్క మీద ఏడో తరగతి కుర్రవాడి చేతి ఇనుపకడ్డీ ఖణేలుమని పడింది. అది గంట కాదు, పాంచజన్యం! ఆ నాదానికి దిక్కులు పిక్కటిల్లాయి, తలుపులు భళ్లున తెరుచుకున్నాయి. పుస్తకాల సంచులు, నీళ్లసీసాలు, చేత పట్టుకున్న చెప్పులు, పట్టుకోవడం మరిచిన చెప్పులు, అన్నీ ఒకే ప్రవాహమై వరదపెన్నలా వీధిన పడ్డాయి. జూన్ 12 ఉదయం దాకా ఆ ప్రవాహానికి అడ్డుకట్ట వేసే శక్తి సోమశిల ఆనకట్టకు కూడా లేదు.

ధూళి కాస్త అణిగాక వెలువడ్డారు మన కథానాయకులు. ప్రాథమికోన్నత పాఠశాల పిల్లలకు బొమ్మలు నేర్పే డ్రాయింగు మాస్టారు. నల్లగొడుగు ఏళ్ల తరబడి వెలిసి వెలిసి శ్వేతచ్ఛత్రమై శిరసున భాసిస్తోంది. చంకలో చుట్టిపెట్టిన డ్రాయింగు షీట్లు అక్షయతూణీరం. చొక్కా జేబు చుట్టూ ఏ చాకలికీ లొంగని రంగుల మరకలు. వానలు లేని ఈ సీమలో ఇంద్రధనుస్సు వచ్చి అక్కడ తలదాచుకుందేమో అనిపిస్తుంది. మాస్టారు మోపెడ్‌ను అధిరోహించారు. అది ఘీంకరించింది, దగ్గింది, మళ్లీ ఘీంకరించింది, కదిలింది. వెనకనుంచి ముగ్గురు పిల్లలు తోస్తేనే కదిలిందన్న సంగతి చరిత్రకారులకు అనవసరం.

ఈ వీరుడికి ఎండ కొత్త కాదు. డ్రాయింగులో లోయరూ హయ్యరూ పరీక్షలు గట్టెక్కినవాళ్లు టీచరు కావాలంటే టీటీసీ చదవాలి. ప్రభుత్వం ఆ 42 రోజుల శిక్షణను ఏరికోరి వేసవి సెలవుల్లోనే పెడుతుంది. బొమ్మలు నేర్పేవాడి మొదటి తపస్సే పంచాగ్నిమధ్యంలో అన్నమాట. పార్వతీదేవీ అలాగే చేసింది గానీ, పాపం, ఆమెకు టీచింగ్ ప్రాక్టీసు లేదు.

మరునాటి సాయంసంధ్యలో మాస్టారి ఇంటి అరుగు మీద కొలువు తీరింది. రాయలవారు జయించిన ఊళ్లో కూర్చుని ఏ కొలువును వర్ణించినా భువనవిజయం గుర్తుకు రాక తప్పదు. అక్కడ అష్టదిగ్గజాలు, ఇక్కడ నాలుగే, ఎందుకంటే అరుగు మీది బెంచీకి అంతకుమించి బలం లేదు. ఈల వేస్తే మూడు వీధుల కుక్కలు వరస కట్టే పీఈటీ సారు ఒకరు. అలీఫ్ రాసినా అందులో అత్తరు వాసన గుప్పుమనే ఉర్దూ మాస్టారు ఒకరు. కిక్కిరిసిన ఆత్మకూరు బస్సులో ఒంటికాలి మీద నిలబడి చిల్లర లెక్కచెప్పే ఆర్టీసీ కండక్టరు ఒకరు. నాలుగోవాణ్ణి నేను, యుద్ధం చేయకుండా దాన్ని వర్ణించి సోడా తాగడం నా వృత్తి.

బల్ల మీద క్యారమ్ బోర్డు వెలిసింది. బోరిక్ పౌడరు చల్లగానే అది పాలసముద్రమైంది. నట్టనడుమ తెల్లకాయలు, నల్లకాయలు వలయాలు వలయాలుగా చేరి పద్మవ్యూహం పన్నాయి. వ్యూహగర్భంలో, అసూర్యంపశ్యలా, అరుణారుణ కాంతులీనుతూ ఎర్రరాణి. పీఈటీ సారు చూపుడువేలిని మూడుసార్లు విదిలించారు. ఆ విదిలింపుకు గోడ మీది బల్లికీ గుండె ఝల్లుమంది. స్ట్రైకరు దూసుకుపోయింది. ఛటఛట, ఫటఫట, కటకట! వ్యూహం భగ్నమైంది. నల్లసేన నాలుగు మూలలకూ చెదిరింది. తెల్లసేన గోడలకు ఢీకొని వెనుదిరిగింది. రాణి మాత్రం తొణకలేదు, బెణకలేదు. ఈశాన్యపు జేబు అంచుదాకా మందగమనంతో నడిచివెళ్లి, స్వయంవరంలో వరమాల పట్టుకుని సందేహిస్తున్న రాకుమారిలా అక్కడ ఆగింది. కండక్టరు ఊపిరి బిగబట్టాడు. ఉర్దూ మాస్టారు కళ్లు మూసుకున్నారు. డ్రాయింగు మాస్టారు గురి చూసి, కుడికన్ను మూసి, ఎడమకన్ను సగం మూసి, వేలు సారించి కొట్టిన ఆ లిప్తలోనే కరెంటు పోయింది.

కారుచీకటి. అందులో టక్కున ఒక చప్పుడు. సెల్‌ఫోన్ల దివిటీలు వెలిగేసరికి రాణి బోర్డు మీద లేదు, దానికి తోడుపడాల్సిన తెల్లకాయా లేదు.

"చీకట్లో పడ్డది చెల్లదు భాయ్" అన్నారు ఉర్దూ మాస్టారు.

"టిక్కెట్టు కొట్టినాక దించేది లేదు సామీ" అన్నాడు కండక్టరు.

రెండు న్యాయశాస్త్రాలూ గొప్పవే. ఆ వ్యాజ్యం ఇప్పటికీ నడుస్తోంది.

ఇక అసలు దండయాత్ర. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని ముట్టడించాడు. 3,000 అడుగులకు పైబడిన కొండ. లోపల గజపతుల పక్షాన తిరుమల రౌతరాయలు బిగించుకుని కూర్చున్నాడు. బండలు పగలగొట్టి, అడవి నరికి, సేనలకు దారులు తొలిపిస్తే గానీ కోట చేరువకు పోవడమే కుదరలేదు. 1514లో గానీ అది లొంగలేదు. గెలిచిన రాయలు ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి గుడి కట్టించాడు; హంపీలో ఆ కృష్ణాలయాన్ని ఇవాళ్టికీ చూడొచ్చు. అదే కొండను మన మాస్టారు నీటిరంగులతో జయించాలని ఏటా వేసవిలో బయలుదేరతారు. ఏటా కొండే గెలుస్తుంది. రౌతరాయలికి దక్కని కీర్తి అది.

కోడికూతకు ముందే సేన కదిలింది. ముందు మాస్టారు, ఉడుతవెంట్రుకల కుంచెను ఖడ్గంలా ఎత్తిపట్టి. వెనక పీఈటీ సారు, భుజాన మడతకుర్చీ. ఆ వెనక ఉర్దూ మాస్టారు, ఒక చేత చద్దన్నం క్యారేజీ, మరో చేత కొత్తావకాయ జాడీ. ఆ జాడీ చుట్టూ ఘుమఘుమలు వందిమాగధుల్లా స్తోత్రపాఠాలు చేస్తున్నాయి. రాయల సైన్యంలో ఏనుగులున్నాయంటారు. ఉండనీ. ఇంత ఆవకాయ ఉందని ఎవరూ రాయలేదు.

తొలి ఎండ కొండ నుదుట పడగానే మాస్టారు యెల్లో ఓకర్ ట్యూబు మెడ పట్టుకున్నారు. కిందటి ఏడాది ట్యూబు. దానికి ప్రాణం కంటే పట్టుదల ఎక్కువ. పిండారు. రాలేదు. మూత తీయలేదని పీఈటీ సారు విన్నవించారు. మూత తీసి పిండగా, బంగారుతునకలాంటి చుక్క ఒకటి పళ్లెంలో పడింది. అక్కడినుంచి మొదలైంది ద్వంద్వయుద్ధం. ఒకవైపు మాస్టారు, ఒకవైపు మార్తాండుడు. కుంచెకీ కాగితానికీ మధ్య జానెడు దూరం; ఆ జానెడులోనే రంగు ఎండిపోతోంది. నీళ్లు కలిపితే నీళ్లు ఆవిరి. గబగబా పూస్తే బురుజు వంకర. నిదానంగా పూస్తే బురుజు మధ్యలో చార. అయినా వెనుదిరగలేదు ఆ వంగని మణికట్టు. బర్న్ట్ సియెన్నాతో బండలు లేచాయి, ముదురాకుపచ్చతో పొదలు మొలిచాయి, ప్రాకారాలు కొండను వడ్డాణంలా చుట్టుకున్నాయి. ఆకాశం దగ్గర ఏం చేయాలో తోచక ఆగిన క్షణాన, ఆయన ముక్కుకొస నుంచి స్వేదబిందువొకటి జారి తడినీలం మీద టప్పున పడి విచ్చుకుంది. ఇన్నేళ్లలో మాస్టారి కుంచె వేయలేకపోయిన మేఘాన్ని ఆయన ముక్కు వేసింది.

చిత్రాన్ని రాతికి ఆనించి ఆరబెట్టి, వీరులందరూ చద్దన్నం మీదికి లంఘించారు. అంతలో పొద చాటునుంచి ప్రవేశించింది ఒక మేక. వంపులు తిరిగిన కొమ్ముల కిరీటం, గాలికి వీచే గడ్డం, సగం మూసిన కళ్లలో సమస్త శాస్త్రపారంగత్వం. అది చిత్రాన్ని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి పరికించింది. తర్వాత తూర్పు బురుజుతో మొదలుపెట్టింది. కరకర! ప్రాకారం కూలింది. పరపర! సింహద్వారం మాయమైంది. రాయలవారికి అన్ని నెలలు పట్టిన దుర్గం, మన వాళ్లు ఆవకాయ ముద్ద మింగేలోపల మేక కడుపులో కలిసింది. మాస్టారు "హా!" అని అరుస్తూ లేచేసరికి మేఘం ఒక్కటే మిగిలింది, అందులో ఉప్పు ఎక్కువైనట్టుంది.

మేకలకాపరి కుర్రవాడు పరుగెత్తుకొచ్చాడు. "తిట్టబాకండి సారూ! ఇది కాయితం ఊరికే తినదు. రంగు బాగుంటేనే తింటది."

మాస్టారి ఉగ్రరూపం ఒక్క పెట్టున చల్లబడింది. ఇన్నేళ్ల చిత్రలేఖనంలో ఇంత నిష్కపటమైన ప్రశంస ఆయన వినలేదు. మేక వెన్ను నిమిరి, మిగిలిన మేఘాన్ని కూడా దానికే సమర్పించారు.

భైరవకోన జలపాతయాత్ర గురించి, అందులో జలపాతం పెద్దగా కనపడకపోవడం గురించి మరో సర్గ రాయొచ్చు, వద్దు. సోమశిల జలాశయం చూడబోయి, మామిడికాయ ముక్కలు పడిన చేపల పులుసు దగ్గర ఆగిపోయి, జలాశయం చూడకుండానే తిరిగొచ్చిన వైనం కూడా ఇక్కడ అప్రస్తుతం. పులుసు మాత్రం ప్రస్తుతమే. కానీ దానికి నా దగ్గర ఉన్న సమాసాలు చాలవు.

ఎందుకంటే కోటకంటే దుర్భేద్యమైన దుర్గం ఇంకొకటి మిగిలింది. దాని పేరు గరిటె.

ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు తెలియనివాళ్లుంటారా? చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, దేవదారి, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. ఈ పనిలో ఎక్కువగా ఆడవాళ్ల చేతులే ఆడుతుంటాయి. ఉర్దూ మాస్టారికి వరసకు పిన్ని అయ్యే ఒకావిడ, అందువల్ల మాకందరికీ ఖాలా, గడపలో కూర్చుని ఈ పనే చేస్తుంది. మన మాస్టారు ఆమె ముందు నిలబడి, "కొండంత కోటనే గీసినవాణ్ణి, బెత్తెడు చెంచా ఎంత ఖాలా?" అన్నారు. ఖాలా నవ్వలేదు. ఒక కర్రముక్క, ఒక కత్తి ఆయన ముందుకు జరిపింది.

ముందు ఆమె చేతులు చూడాలి. కర్రను పాదానికీ పీటకూ మధ్య అదిమిపట్టి, కత్తిని లోపలికి లాగుతుంది. ఒక్కో లాగుకు ఒక్కో పొట్టు ఉంగరంలా చుట్టుకుని ఒళ్లో రాలుతుంది. గుంట తొలిచేటప్పుడు వంపుకత్తి మణికట్టుతో పాటే తిరుగుతుంది. అంచు పలచనై, పలచనై, చెవితమ్మెలా వెలుతురు సోకే దాకా వచ్చి సరిగ్గా అక్కడ ఆగుతుంది. పిడి మీద నగిషీ సన్నాయి గమకంలా వంకీలు తిరుగుతుంది. ఆకురాయితో రాస్తుంది, గరుకు కాగితంతో నునుపు చేస్తుంది. ఇంతసేపూ ఆమె చూపు గరిటె మీద ఉండదు. వీధిలో పోయే కూరగాయల బండి మీద ఉంటుంది, ఎండలో తిరిగే మనవడి మీద ఉంటుంది. వాడిని తిడుతూ, బెండకాయల ధర అడుగుతూ, వేలితో లోపలి వంపును తడుముకుంటూ, చెంచా తర్వాత చెంచా చాప మీదికి విసురుతుంది. ఇక్కడ అతిశయోక్తి కోసం వెతికాను. అవసరం కనపడలేదు.

ఇక మాస్టారి పరాక్రమం. ఆయన కత్తి ఎత్తగానే కర్ర వణికింది. మొదటి వేటుకు పొట్టు రాలేదు, కర్ర ఎగిరి ఉర్దూ మాస్టారి మోకాలికి తగిలింది. రెండో వేటుకు పిడి పుట్టింది. మూడో వేటుకు పిడి పోయింది. మొదట కుంభకర్ణుడికి సాంబారు వడ్డించే గరిటెగా అవతరించినది, ఎడమవైపు సరిచేయగా అన్నం గరిటె అయింది, కుడివైపు సరిచేయగా పిల్లల మందు చెంచా అయింది, రెండు వైపులా సమానం చేయబోగా చెవిపుల్లగా తనువు చాలించింది. మరో కర్ర. మరో అవతారం. దశావతారాలూ ముగిసి పదకొండోది కూడా వచ్చాక ఖాలా ఓరకంట చూసింది.

"ఏంది సారూ, గరిటె చేస్తుండారా, బిళ్ళంగోడు చేస్తుండారా?"

జూన్ మొదటి మబ్బులు కొండమీద తచ్చాడే నాటికి మాస్టారి చేతులకు బొబ్బలు, ఆ బొబ్బల మధ్య ఒక గరిటె. గుంట ఒక పక్కకు ఒరిగింది, పిడి ఇంకో పక్కకు చూస్తోంది. అయినా అది గరిటే; చూసినవాళ్లు ఒప్పుకున్నారు, కాస్త ఆలోచించాక. దాన్ని ఊరేగింపుగా ఇంటికి తెచ్చారు. పీఈటీ సారు ఈల ముందు నడిచింది. కండక్టరు చిల్లరసంచి కాంస్యతాళమై మోగింది. ఉర్దూ మాస్టారు అత్తరు చిలకరించారు. వీధి కుక్కలు ఇరువైపులా బారులు తీరి జయజయధ్వానాలు చేశాయి. వంటింటి సింహద్వారంలో మాస్టారి సహధర్మచారిణి ఎదురై, గరిటెను అందుకుని, ఉడుకుతున్న పప్పుగిన్నెలో ముంచి పైకెత్తింది. ఒరిగిన పక్కనుంచి పప్పంతా ధారగా మళ్లీ గిన్నెలోకి జారింది.

"ఏవండీ, చూడ్డానికి బానే ఉంది గానీ, దీంట్లో పప్పు నిలవదే?"

జూన్ 12న బడి తెరిచారు. మాస్టారు బొబ్బలు మానిన చేత్తో బోర్డు మీద మొదటి బొమ్మగా చెంచా గీశారట. అది మాత్రం రెండు పక్కలా సమానంగానే వచ్చిందట.

ఖాలా వాళ్ల చెక్కపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేపాక్షి దుకాణాల్లోనూ అమ్ముతారు. మీరు మాత్రం ఉదయగిరిలో బస్సు దిగితే నేరుగా ఆ గడపలకే వెళ్లండి. చిన్న చెంచా అయినా సరే, ఒకటి కొనండి, బేరం ఆడబాకండి. మాస్టారు చేసిన గరిటెలు ఎవరైనా ఊరికే ఇస్తే మటుకు తీసుకోబాకండి.