బడి పని ఇంటికి, ఇంటి పని బడికి: కొన్ని తలకిందుల సలహాలు

పిల్లల పెంపకంలో ఇది ఇంటి వాటా, ఇది బడి వాటా అని గీత గీసి చెప్పే సలహాలు మనకు కొత్త కాదు. బుద్ధులు ఇంట్లో, చదువు బళ్ళో. ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేసుకుంటే పిల్లవాడు బాగుపడతాడట. నెల్లూరు తీరంలో, కావలి అంచున ఉన్న మత్స్యకారుల పాలేల నుంచి పులికాట్ దాకా, ఈ సలహా పనికిరాదని నా గట్టి నమ్మకం. ఇక్కడ పిల్లలు జారిపోతున్నది ఆ గీత దగ్గరే. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ తలకిందుల సలహాలు. టీచర్లు ఇంటి సంగతుల్లో తల దూర్చాలి, తల్లిదండ్రులు బడి సంగతుల్లో వేలు పెట్టాలి. పెద్దమనిషి తరహాగా పక్కకు తప్పుకోవడం ఇద్దరూ మానెయ్యాలి.

తండ్రిని బడికి పిలవకండి

టీచర్లకు చెబుతున్నాను. ముందు క్యాలెండరు చూడండి. తూర్పు తీరంలో మరపడవలు, మోటారు పడవలు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి 61 రోజుల నిషేధం. బడులకు వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ 24న మొదలవుతాయి, జూన్ 12 ప్రాంతంలో మళ్ళీ తలుపులు తెరుస్తారు. తండ్రి ఒడ్డున ఉన్నన్నాళ్ళూ దాదాపుగా బడి మూత. బడి తెరిచి పుస్తకాలు పంచేసరికి తండ్రి పడవ కడుగుతూ, ఐసూ డీజిలూ చూసుకుంటూ ఉంటాడు. తర్వాత కబురు పంపితే ఎవరొస్తారు? తెల్లవారుజామున పోయినవాడు ఏ వేళకు ఒడ్డుకు చేరతాడో వాడికే తెలియదు. "వాళ్ళ నాయనకు పట్టదండీ" అని స్టాఫ్ రూములో అనుకుంటాం. పట్టకపోవడం అంటే ఏమిటో తేల్చే ముందు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒక సందు ఉంది. ఏప్రిల్ 15 నుంచి 23 దాకా తండ్రి ఒడ్డున ఉంటాడు, బడీ నడుస్తుంటుంది. పైగా అవి ఒంటిపూట బడుల రోజులు, పన్నెండున్నరకల్లా గంట కొట్టేస్తారు. ఆ మధ్యాహ్నాలు ఎండ మండిపోతుంది, నిజమే. అయినా వెళ్ళండి. పడవలు ఇసుక మీదికి లాగి ఉంటాయి. మగవాళ్ళు చెట్ల నీడనో, రామాలయం అరుగు మీదో వల పరుచుకుని కూర్చుంటారు. వల కొసను కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, తెగిన కళ్ళు ఒక్కొక్కటీ అల్లుతుంటారు. పక్కన కూర్చుని మాట్లాడండి. చేతులు పనిలో ఉండి, కళ్ళు వల మీద ఉన్న మనిషి, టీచరు బల్లకు ఎదురుగా నిలబెట్టినప్పుడు చెప్పనివన్నీ చెబుతాడు. హాజరు పట్టీ, మార్కుల జాబితా తీసుకెళ్ళకండి. పిల్లవాడి నోట్సు ఒకటి చాలు. పిల్లవాడు ఇంట్లో ఏ పని బాగా చేస్తాడో, దేనికి భయపడతాడో, రాత్రి ఎన్నింటికి పడుకుంటాడో అడగండి. ఆ పిల్లవాడి సంగతి సగం అక్కడే తెలిసిపోతుంది. మూడో తరగతిలో లెక్కలు రావని మనం రాసిపెట్టిన పిల్ల, సంతలో అమ్మ పక్కన కూర్చుని కిలో ధరను ముప్పావుకు, అరకు నోటితోనే కట్టేస్తుందని తెలిసిన రోజు, మనం పాఠం చెప్పే పద్ధతి మీదే అనుమానం రావాలి.

ఇరకం దీవి సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు తిరుపతి జిల్లాలో కలిసిన తడ మండలంలోది అది. పులికాట్ సరస్సు మధ్యలో ఉన్న ఆ ఊరి వాళ్ళు ఒడ్డుకు రావాలంటే పడవే దారి. అట్లాంటి చోట పనిచేసే టీచరు తల్లిదండ్రులతో పాటే ఆ పడవ ఎక్కాలి. అంతకంటే మంచి మీటింగు ఎవరూ పెట్టలేరు. దయచేసి ఆ కాసేపూ ఫోను చూసుకోకండి.

మీటింగు మర్నాడు బడికి వెళ్ళండి

ఇది తల్లులకు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టడం 2024 డిసెంబరు 7న మొదలైంది. 2025 జులై 10న మళ్ళీ పెట్టారు, డిసెంబరు 5న ఇంకోసారి. మంచి పనే. పోవాల్సిందే. కానీ ఆ రోజు బడి పండగ బట్టల్లో ఉంటుంది. గుమ్మాలకు తోరణాలు, వాకిట్లో ముగ్గులు, మైకు, వచ్చిన పెద్దల ఉపన్యాసాలు. మీ బిడ్డ సంగతి మాట్లాడే వీలు టీచరుకూ ఉండదు, మీకూ ఉండదు. మర్నాడు వెళ్ళండి. కుదరకపోతే ఆ పై వారం ఏదో ఒక మామూలు రోజు, మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్ళండి. బిడ్డ ఎవరి పక్కన కూర్చుని తింటున్నాడు, కంచంలో ఏం వదిలేశాడు, గుడ్డు తిన్నాడా, చేతులు కడుక్కునే కుళాయిలో నీళ్ళున్నాయా, ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉందా చూడండి. ఇవి చూడటానికి అక్షరం రానక్కర్లేదు.

తీరప్రాంతపు బళ్ళ గేట్ల దగ్గర నేను మళ్ళీ మళ్ళీ చూసే దృశ్యం ఒకటుంది. పొద్దున్నే చేపలు అమ్మి వచ్చిన తల్లి ఖాళీ తట్ట గోడకు ఆనించి, గేటు బయటే నిలబడి లోపలికి తొంగి చూస్తుంటుంది. రమ్మంటే రాదు. "నీసు కంపమ్మా, మళ్ళొస్తాలే" అంటుంది. కొంగు ముందుకు లాక్కుని వెనక్కి తిరుగుతుంది. ఆ మళ్ళీ రావడం ఉండదు. ఇదే తల్లి అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వస్తే పిల్లల్ని, ముసలివాళ్ళను తీసుకుని ఇదే బళ్ళోకి వస్తుంది. అప్పుడది పునరావాస కేంద్రం. ఆ తరగతి గదిలో పడుకుంటుంది, ఆ వరండాలో వంట చేస్తుంది. తుపాను రోజున తనదైన బడి మామూలు రోజున పరాయిది ఎట్లా అవుతుంది? అమ్మా, నీసు వాసనతోనే లోపలికి రండి. టీచర్లకు కూడా ఒక మాట. గేటు దాకా ఎదురెళ్ళి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. తల్లిని చూసి ముక్కు మూసుకున్న పిల్లలుంటే, ఆ రోజు చెప్పాల్సిన పాఠం అదే.

"తోలు తీయండి" అనే అధికారం మీకు లేదు

"కళ్ళొక్కటీ వదిలిపెట్టి తోలు వొలిచెయ్యండి సార్, అంతా మీ చేతుల్లోనే ఉండాది." ఈ మాట అనని తండ్రి మన జిల్లాలో అరుదు. టీచరు మీద గౌరవంతోనే అంటాడు. కానీ అన్నప్పుడు పిల్లవాడు పక్కనే ఉంటాడు, వాడి ముఖం ఎవరూ చూడరు. రేపటి నుంచి బళ్ళో ఏం జరిగినా ఇంట్లో చెప్పుకునే వీలు లేదని వాడికి ఆ క్షణమే అర్థమైపోతుంది. 2009 విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం కొట్టడమూ నిషిద్ధమే, మాటలతో కుంగదీయడమూ నిషిద్ధమే. తండ్రి అనుమతి ఇచ్చినా అది మారదు. ఆ మాట బదులు వాడికి ఏది వచ్చో చెప్పి అప్పగించండి. "మావాడు గాలి మారడం నాకంటే ముందు పసిగడతాడు సార్" అన్న తండ్రి, కొడుక్కి బళ్ళో ఒక చోటు సంపాదించి పెట్టినట్టే.

జ్వరం అని రాయించకండి

పడవ వచ్చిన రోజు వల దులపడానికి, చేపలు ఏరడానికి, రొయ్యల గుంటలో పంట ఎత్తే రోజు ఐసు మొయ్యడానికి పిల్లలు బడి మానేస్తారు. మర్నాడు "జ్వరం" అంటారు. అమ్మ అట్లాగే చెప్పమంటుంది. టీచరుకు నిజం తెలుసు, అయినా తల ఊపుతుంది. ఇల్లూ బడీ కలిసి బిడ్డకు నేర్పిన మొదటి అబద్ధం అది. హాజరు పట్టీకి డబ్బు ముడిపడినప్పటి నుంచి ఈ సర్దుబాటు ఇంకా సులువైంది. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకానికి అప్పట్లో 75 శాతం హాజరు షరతు పెట్టడంలో ఉద్దేశం మంచిదే. కానీ బిడ్డ ఎందుకు రాలేదన్నది ఏ పట్టీలోనూ ఉండదు. నా సలహా, నిజం చెప్పండి. "గుంట ఎత్తుతుంటే తీసుకుపోయినాం" అని చెప్పండి. టీచరు తిట్టకూడదు. ఆ కారణం తేదీతో సహా ఒక నోట్సులో రాసుకోవాలి. ఒక ఏడాది రాస్తే ఆ ఊళ్ళో పిల్లలు ఏ నెలలో, ఏ పనికి మాయమవుతున్నారో కళ్ళకు కడుతుంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బడివేళల్లో పనికి పెట్టడం చట్టం ఒప్పదు. ఆ చట్టం అమలు కోసం పోరాడాలన్నా ముందు నిజం కాగితం మీద ఉండాలి.

పిల్లలకు చెప్పకండి, పిల్లల చేత చెప్పించుకోండి

చదువురాని తల్లిదండ్రులు హోంవర్కు దగ్గర చిన్నబోతారు. ట్యూషనుకు పంపి చేతులు దులుపుకుంటారు. అట్లా కాదు, రాత్రి అన్నం తిన్నాక బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఈ రోజు చెప్పిందేందో నాకు చెప్పు" అనండి. అర్థం కాకపోతే మళ్ళీ అడగండి. తల్లికి చెప్పగలిగిన పాఠం బిడ్డకు వచ్చినట్టే.

పెద్దవాళ్ళు అక్షరం దగ్గర కూర్చుంటే ఏమవుతుందో ఈ జిల్లా దేశానికంతా చూపించింది. 1990ల మొదట్లో నెల్లూరులో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బళ్ళలో చదివించిన వాచకంలో సారా వల్ల చితికిన కాపురం కథ ఉంది. అది చదివిన ఆడవాళ్ళు పుస్తకం మూసి ఇంటికి పోలేదు. కలిగిరి మండలం దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే ఊరూరా తెలిసింది. 1992లో ఆ సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకి సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దూబగుంట మెట్ట ఊరు, తీరానిది కాదు. అయినా ఈ విషయంలో నాకు అంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు. "ఇంటి గొడవలు మనకెందుకు, అక్షరాలు నేర్పి పంపేద్దాం" అని ఆ వాచకం రాసినవాళ్ళు అనుకుని ఉంటే? "సర్కారు సంగతి మనకెందుకు" అని ఆ ఆడవాళ్ళు అనుకుని ఉంటే? ఇద్దరూ గీత దాటారు కాబట్టే పిల్లలు రాత్రిళ్ళు భయం లేకుండా పడుకున్నారు.

అంతకు ముందు తరంలో పొట్లపూడి కోడలు పొణకా కనకమ్మ ఉంది. చిన్నప్పుడే పెళ్ళయి, చదువంతా ఇంట్లోనే నేర్చుకున్న మనిషి. ఆమె 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. మాకు చదువు రాదు, బడి సంగతి మాకేం తెలుసు అనే తల్లులకు ఆమె కథ చెప్పాలి.

బడి కోసం దురాయి వెయ్యండి

పట్టపు పాలేల్లో ఊరి పెద్దలైన కాపుల మాట ఎంత బలమైనదో తీరంలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వాళ్ళు దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేశారంటే ఆ రోజు ఒక్క పడవ కదలదు. దురాయి పేరుతో జరిమానాలు, వెలివేతలు జరిగిన ఊళ్ళున్నాయి. వాటిని ఎవరూ సమర్థించకూడదు, నేనూ సమర్థించను. కానీ ఊరంతా ఒక్క మాట మీద నిలబడే ఆ అలవాటును బడి వైపు తిప్పవచ్చు. బడి గంట కొట్టాక పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాణ్ణి ఏ పడవా ఎక్కించుకోకూడదు, ఏ రొయ్యల షెడ్డూ పనిలో పెట్టుకోకూడదు అని కట్టుబాటు పెట్టండి. కట్టుబాటు పెద్దలకే, పిల్లలకు కాదు. జరిమానా ఉండకూడదు. తప్పిన పడవ యజమాని పేరు రచ్చబండ దగ్గర చెబితే చాలు.

విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు. చాలా చోట్ల ఈ సభ్యులకు తెలిసింది సంతకం పెట్టే చోటు ఒక్కటే. ఆ కమిటీ మీటింగును హెడ్మాస్టరు గదిలో కాక, కాపులు కూర్చునే చోటే, ఆడవాళ్ళు ఖాళీగా ఉండే సాయంత్రం పూట పెట్టండి.

హాస్టలుకు పంపితే బాధ్యత తీరదు

దీని మీద ఎక్కువ చెప్పను. రొయ్యల డబ్బు వచ్చిన ఏడు పిల్లల్ని నెల్లూరు హాస్టళ్ళలో చేర్చడం, ధర పడిపోయిన ఏడు ఫీజు కట్టలేక తీసుకురావడం మామూలైపోయింది. బళ్ళు మార్చే ముందు పిల్లను అడగండి. పంపాక ఆదివారం ఒక్కటే కాదు, మామూలు బుధవారం నాడు కూడా ఫోను చేసి ఏం తిన్నావని అడగండి.

గుంట యజమానీ పెంపకందారే

ఈ సలహా తల్లిదండ్రులకూ కాదు, టీచర్లకూ కాదు. తీరం పొడవునా రొయ్యల గుంటల కట్టల మీద కాపలా షెడ్లలో ఉండేవాళ్ళలో యానాది కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏరియేటర్లు ఆగితే లేచి చూడాలి, మేత వెయ్యాలి, చెక్‌ట్రే ఎత్తి చూడాలి. రాత్రి పగలు లేని పని కాబట్టి యజమాని ఆలుమగల్ని కలిపి పెట్టుకుంటాడు. పిల్లలూ వెంటే వస్తారు. పంట అయిపోగానే ఇంకో గుంట, ఇంకో మండలం. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు యానాదుల కోసం జీవితాలు ధారపోసిన జిల్లా ఇది. ఆ జిల్లాలోనే ఈ పిల్లల పేర్లు ఒక బళ్ళో రాసి ఉంటాయి, పిల్లలు ఇంకో ఊరి కట్ట మీద ఉంటారు. పాత బడి టీచరు "వలస పోయారు" అంటుంది. కొత్త ఊరి టీచరుకు వాళ్ళు వచ్చినట్టే తెలియదు.

టీచర్లూ, మీ ఊరి చుట్టూ ఉన్న కట్టల మీదికి నెలకోసారి వెళ్ళి రండి. టీసీ లేదని, మధ్యలో వచ్చారని, పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకుండా ఉండే వీలు చట్టంలో లేదు. ముందు కూర్చోబెట్టండి, కాగితాలు తర్వాత తెప్పించుకోవచ్చు. అమ్మా నాన్నా ఊళ్ళు మారినప్పుడు పిల్లలు ఒకే చోట ఉండి చదువుకునేందుకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు పెట్టే వీలుంది. దాని కోసం మండల విద్యాధికారిని అడగాల్సింది మీరే. కట్ట మీద ఉన్న తల్లికి ఆ ఆఫీసు ఎక్కడుందో కూడా తెలియదు.

గుంట యజమానులకు నేను అడిగేది ఒకటే. కుటుంబాన్ని షెడ్డులో దించే ముందు కరెంటు లైను, నీటి కాలువ చూసుకుంటారు గదా. అప్పుడే బడి ఎంత దూరమో కూడా చూడండి. నడవలేనంత దూరమైతే ఆటో మాట్లాడి, ఆ డబ్బు మేత ఖర్చు రాసే పుస్తకంలోనే రాసుకోండి. వాళ్ళ జీతంలో కొయ్యకండి.