చెప్పుల వరసలో చికెన్ డిన్నర్

గేమర్ల పండుగలకు ముహూర్తం పెట్టేవాళ్లలో పత్తి ఏరినవాడు ఒక్కడూ ఉన్నట్టు లేడు. హైదరాబాద్ హైటెక్స్‌లో డ్రీమ్‌హ్యాక్ ఇండియా 2022లో నవంబర్ 11న మొదలైంది. 2023లో నవంబర్ 3న. 2024లో నవంబర్ 15న, అదీ కామిక్ కాన్‌తో కలిపి. నవంబర్‌లో మా కంగ్టి మండలంలో మనిషన్నవాడు చేన్లో ఉంటాడు. నల్లరేగడిలో పత్తి పగిలి తెల్లగా వేలాడుతుంటుంది, ఏరడానికి కూలీలు దొరకరు, దొరికినవాళ్లు కిలోకింతని బేరం పెడతారు. అట్లాంటి రోజుల్లో ఇంట్లో నిలబడి "బాపూ, గేమ్ ఆడేటోళ్లను చూసొస్త" అనడానికి ఎంత గుండె కావాలో, ఏ ఫైనల్ బాస్ ముందుకు పోవడానికీ అంత అక్కర్లేదు.

"ఆడనీకె గాదు, ఆడేటోళ్లను సూడనీకె పోతవా? దానికి పైసలు గూడ కట్టాలె?" అన్నాడు బాపు. ఈ-స్పోర్ట్స్ వ్యాపారం మీద ఇంత పొట్టి నివేదిక ఇప్పటిదాకా ఏ కన్సల్టెన్సీ కూడా ఇచ్చి ఉండదు.

మా ఊరి అరుగు మీద నలుగురు పోరగాళ్లు ఫోన్లు పట్టుకుని కూచుంటే ఆవారాగాళ్లు. అదే నలుగురు ఒకే రంగు జెర్సీలు తొడుక్కుని హైటెక్స్ స్టేజీ మీద కూచుంటే స్క్వాడ్. ఆట ఒక్కటే, ఫోన్లూ అవే, మెడలూ అట్లాగే వంగి ఉంటాయి. యానిమేషన్, గేమింగ్ వగైరాల కోసం రాష్ట్రం 2016లోనే ఇమేజ్ పాలసీ తెచ్చింది. అది మా దాకా రాలేదు. మా దాకా వచ్చింది నిషేధమే. గెలిస్తే 'చికెన్ డిన్నర్' అనే పబ్‌జీని 2020 సెప్టెంబర్‌లో కేంద్రం ఎత్తేసింది. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని దిగింది. 2022 జూలైలో మళ్లీ మాయం, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షం. ఆటలో నాక్ అయినవాణ్ని పక్కవాడు రివైవ్ చేస్తాడు. ఇక్కడ నాక్ చేసినవాళ్లే రివైవ్ చేశారు. ఈ చావు పుట్టుకల నడుమ మా స్క్వాడ్‌లో ఒకడికి పెళ్లయింది, ఒకడు దుబాయ్ పోయాడు. వాళ్లను రివైవ్ చేసే పద్ధతి మాత్రం ఏ అప్‌డేట్‌లోనూ రాలేదు.

సరే, ఒక మేళాకు పోయాను. కంగ్టి నుంచి నారాయణఖేడ్, అక్కణ్నుంచి శంకరంపేట, జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు జీరో టికెట్ కదా, బస్సులో పైసలిచ్చి నిలబడ్డవాళ్లం మగాళ్లమే. నాకేం ఫిర్యాదు లేదు. మేళాలో కూడా జీరో టికెట్ పెడితే బాగుండేది. మా అమ్మ కూడా వచ్చి, నేను దేనివల్ల ఇంతగా పాడయ్యానో కళ్లారా చూసుకునేది.

నేను పోయిన మేళా పేరు చెప్పను. చెబితే వచ్చేసారి గేటు దగ్గరే ఆపుతారు.

ఆ గేటు దగ్గర ఆయుధాల తనిఖీ. నా ముందున్నవాడిది గాడ్ ఆఫ్ వార్‌లో క్రేటోస్ వేషం. ఒంటినిండా బూడిద రంగు, ఎడమ కంటి మీదుగా ఎర్ర పట్టీ, భుజాన గొడ్డలి, వట్టి కాళ్లు. సెక్యూరిటీ అతను గొడ్డలి తీసుకుని వంచి చూశాడు. వంగింది. ఫోమ్ షీటు మీద వెండి రంగు పూశాడు. బొటనవేలు ఆనేచోట రంగు లేచిపోయి లోపలి పసుపు బయటపడింది, అంచున గ్లూ సాలెతీగల్లా వేలాడుతోంది. వంగినందుకు పాస్ చేసి, పిడికి కాగితం ట్యాగు కట్టాడు. మా దగ్గర వంగిన గొడ్డలి కొలిమికి పోతుంది. ఆ పిల్లవాడు నెల రోజులు రాత్రుళ్లు కూచుని చేశాడట. ఒక్క పుల్ల కొట్టని గొడ్డలికి నెల పని! మెచ్చుకోక తప్పలేదు.

లోపల కులవ్యవస్థ మెడలో ట్యాగు రంగును బట్టి. ఆటలు చేసేవాళ్లు, చేసినవాటికి పెట్టుబడి పెట్టేవాళ్లు, ఆడుతూ వీడియో తీసుకునేవాళ్లు, ఆ వీడియోలు చూసేవాళ్లు. నాది ఆఖరి కులం. చప్పట్లు కావలసినప్పుడల్లా మమ్మల్ని ముందుకు రమ్మంటారు. చప్పట్లయ్యాక తాడు కట్టి వెనక్కి జరుపుతారు. మా స్క్వాడ్‌లో ఎప్పుడూ ముందుండి కాల్చే యముడి పేరులాంటి ఐడీ గలవాణ్ని మొట్టమొదటిసారి అక్కడే చూశాను. మైక్‌లో గర్జించే ఆ గొంతు గ్రూప్-4కు చదువుకుంటున్న ఒక సన్నటి పోరడిది. చేతులు కట్టుకుని "నమస్తే అన్నా" అన్నాడు.

కొత్త గేమ్ డెమో దగ్గర వరస ఎక్కడ మొదలైందో తెలియదు, ఎక్కడ ముగుస్తుందో అసలే తెలియదు. మనిషికి పది నిమిషాలు. పొద్దుట్నుంచి ఎన్ని చేతులు మారిందో, కంట్రోలర్ ఎడమ స్టిక్ మీది రబ్బరు నున్నగా అరిగి, చెమటకు జిగట పట్టింది. నా వెనక మా మండలం పోరడొకడు. చాలాసేపు నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. చెప్పులు విడిచి వరసలో పెట్టి, పోయి గోడకానుకుని కూచున్నాడు.

ఇది మా వాళ్లకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా రైతులు యూరియా కోసం చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు వరసలో పెట్టి చెట్టు కింద కూచున్నారు. పేపర్లు ఫొటోలు వేశాయి, నాయకులు ఒకరినొకరు తిట్టుకున్నారు, చెప్పులు మాత్రం వరస తప్పలేదు.

సెక్యూరిటీ వచ్చాడు. "యే చప్పల్ కిస్కే?"

"నాయే సార్. లైన్ల ఉన్నయి."

"టోకెన్ కహా హై?"

"చెప్పులే టోకెన్. జిరాక్స్ గూడ పెట్టాల్నా సార్?"

హైదరాబాద్ పిల్లలు పడిపడి నవ్వారు. కాసేపటికి ఒకడు కాళ్లు మార్చి మార్చి నిలబడలేక క్రాక్స్ విడిచాడు. తర్వాత రెండు జతల బూట్లు. చూస్తుండగానే వరసలో సగం మంది లేరు, వాళ్ల పాదరక్షలున్నాయి. క్రేటోస్ వట్టి కాళ్లతో వచ్చాడు కాబట్టి గొడ్డలి పెట్టాడు. ఆ రోజు మొత్తానికి కంగ్టి నుంచి గేమింగ్ పరిశ్రమకు జరిగిన సాంకేతిక బదిలీ ఇదే.

ఊరికి తిరిగొస్తే కాకా మొదటి ప్రశ్న: "ఎంత పోగొట్టినవ్?"

కాకా లెక్కలో ఫోన్‌లో ఆడేదంతా పత్తాలాటే. తప్పు కాకాది కాదు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఎవరెవరో పేరున్నవాళ్లు టీవీలో కనపడి, టీం కట్టు, కోట్లు కొట్టు అని మనల్ని బతిమాలుతూనే ఉన్నారు. 2023 నుంచి భారత క్రికెట్ జట్టు ఛాతీ మీద డ్రీమ్11 పేరే ఉండేది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదంతో కొత్త చట్టం వచ్చి డబ్బు ఆటలు బందయ్యాక, సెప్టెంబర్‌లో ఆసియా కప్‌ను మనవాళ్లు స్పాన్సర్ పేరు లేని జెర్సీతోనే ఆడారు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ఆటగా ఒప్పుకుంది.

"అంటే సర్కారు నిన్ను మంచోడన్నట్టేనా?"

"అన్నట్టే కాకా."

"మరి మీ బాపుకు గా ముచ్చట కాయిదం మీద రాసిచ్చిందా?"

ఇక్కడే నాకు మాలుంగ్ గుర్తొచ్చింది. స్వీడన్‌లో అదొక చిన్న ఊరు. ఇవాళ దేశదేశాల్లో హాళ్లు నింపుతున్న డ్రీమ్‌హ్యాక్ 1990ల మొదట్లో అక్కడి ఒక బడి నేలమాళిగలో పుట్టింది. కొందరు కుర్రాళ్లు ఎవరి కంప్యూటర్ వాళ్లు మోసుకొచ్చి, వైర్లు కలుపుకుని ఆడుకున్నారు. 1994లో బడి క్యాంటీన్‌కు, 1997లో బోర్లాంగె పట్నంలోని పెద్ద హాలుకు, 2001లో యోన్‌షాపింగ్‌కు మారింది. తర్వాత ఒక్కచోట పది వేలకు పైగా కంప్యూటర్లు కలిపి గిన్నిస్‌కెక్కింది. మాలుంగ్ పిల్లల్ని కూడా "పొలం పని ఎవడు చేస్తడ్రా?" అని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. కానీ ఎవరూ ప్లగ్ పీకలేదు.

కాబట్టి కంగ్టిలో ప్రాంతీయ గేమింగ్ మేళా పెట్టాలని నా డిమాండ్. మా బళ్లో నేలమాళిగ లేదు కానీ కాకా కల్లం ఉంది, ఇస్తానన్నాడు. కరెంటు పోయే వేళలు అందరికీ నోటికొచ్చు, ఫైనల్స్ దాన్ని బట్టి పెట్టుకోవచ్చు. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క మహారాష్ట్ర. మాట తెలుగులో ఎత్తుకుని, కన్నడంలో నడిపించి, మరాఠీలో తిట్టి దించేవాళ్లు ఇంటికొకరు, కామెంటేటర్ల ఖర్చు మిగిలినట్టే. సిగ్నల్ సంగతే కొంచెం తిరకాసు. మా ఫోన్లకు ఏ రాష్ట్రం టవర్ దొరికితే అదే సొంత రాష్ట్రం. శత్రువు తల మీద గురి పెట్టి నొక్కితే, గుండు పోయేలోపు వాడు తిని, పడుకుని, లేస్తాడు. ఏళ్ల తరబడి హైదరాబాద్‌ను అంటిపెట్టుకున్న గేమ్ డెవలపర్ల సదస్సు ఐజీడీసీయే 2025 నవంబర్‌లో చెన్నైకి మకాం మార్చింది. అంత దూరం పోగలిగినవాళ్లు ఖేడ్ దాకా రాలేరా?

సంగారెడ్డి ప్రజావాణిలో ఇవ్వడానికి దరఖాస్తు రాయించుకుందామని పోయాను. ఏ శాఖకని మొదటి చిక్కు. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖకిచ్చింది, ఆన్‌లైన్ గేమింగ్‌ను ఐటీ శాఖకిచ్చింది. నేను ఆడేది పోటీలో అయితే ఒక మంత్రి, అరుగు మీద అయితే ఇంకో మంత్రి. ఇద్దరికీ రాయమన్నాను. దరఖాస్తు రాసే పెద్దమనిషి కళ్లద్దాలు పైకి నెట్టి, వృత్తి దగ్గర ఆగాడు.

"ఏం రాయాలె?"

"క్రీడాకారుడు అని రాయుండ్రి."

పైనుంచి కిందిదాకా చూశాడు. కప్పు చూపించమన్నాడు. లేదన్నాను. సర్టిఫికెట్ అన్నాడు. ఫోన్ తీసి ర్యాంకు చూపించాను. దాన్ని దూరంగా పట్టుకుని చూసి, తిరిగిచ్చి, వృత్తి ఎదురుగా 'వ్యవసాయం' అని రాశాడు.

"ఎన్నెకరాలు?" అని అడిగాడు.