పట్టీ పగిలిన తొట్టికి పది నిమిషాల వైద్యం

మీ హాల్లో నాలుగడుగుల అక్వేరియం ఉంది. వాస్తు చూసే పెట్టారు. పైన, ముందు అద్దాన్నీ వెనక అద్దాన్నీ కలుపుతూ మధ్యలో అడ్డంగా అంటించిన గాజు పట్టీ ఈ పొద్దున చూస్తే రెండు ముక్కలు. గాభరా పడకండి. అది అందానికి పెట్టిందని గట్టిగా నమ్మండి. మేత డబ్బా, లైటు, మనీప్లాంటు సీసా, చవితి నుంచి అక్కడే ఉండిపోయిన చిన్న వినాయకుడు... వీటన్నిటికీ అరుగు అదేగా. తొట్టిని జరపాల్సి వస్తే పిడి కూడా. ఇన్నాళ్లూ మీరు దాన్ని సవ్యంగానే వాడారు.

లెక్కల జోలికి మాత్రం పోవద్దు. అడుగున్నర ఎత్తు తొట్టిలో నిండా నీళ్లుంటే ఆ ముందు అద్దాన్ని బయటికి నెట్టే బలం 100 కిలోల పైమాటే. వెనక అద్దం మీదా అంతే. లోతు రెట్టింపైతే ఆ నెట్టుడు నాలుగింతలవుతుంది. అడుగున అద్దాలకి పట్టుంది గానీ పై అంచుకి ఏ ఆధారమూ లేదు, అందుకే అక్కడ మధ్యలో ఉబ్బుతాయి. బస్తా మూతికి కుట్టిన పురికొసలా ఆ పట్టీ వాటిని బిగబట్టి ఉంచుతుంది. పొడుగు స్కేలు ఒకటి పై అంచుకి ఆనిస్తే, రెండు చివర్లా సందు కనిపించి ఉబ్బు ఎంతో తెలిసిపోతుంది. కాబట్టి స్కేలు పిల్లల బ్యాగులోనే ఉండనివ్వండి.

ఇక మరమ్మతు. ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్ మీద మూత బిగుసుకుపోయిన ఫెవిక్విక్ ఒకటి ఉంటుంది. పిన్నీసుతో పొడవండి. తడి తగిలే చోట, లాగుడు పడే చోట పెళుసు జిగురు ఎన్నాళ్లు ఆగుతుందనేది చేప జాతకం. ఈలోగా బావగారు వచ్చి, "దీనికింత హైరానా ఎందుకోయ్, చుట్టూ టేపు వేసెయ్!" అంటారు. వెయ్యండి. అల్లుడి మాట తీసేస్తే మీ అమ్మగారు ఊరుకోరు.

కొందరు చాదస్తులుంటారు. వాళ్లు చేపల్ని ఎయిర్ పంపుతో సహా టబ్బులోకి మార్చి, నీళ్లన్నీ తోడేస్తారు. దాంతో ఉబ్బు చాలావరకు తగ్గుతుంది. పగిలిన ముక్కల్ని అతికించరు, బ్లేడుతో కోసి పారేస్తారు. పాత సిలికాన్ మీద కొత్తది సరిగా పట్టదట, అందుకని గాజు తేలేదాకా గీకి, అసిటోన్‌తో తుడుస్తారు. అద్దాల షాపులో అంతే మందం పట్టీ కోయించి, అంచులు రుద్దించుకొస్తారు. ఇంకా కాస్త ఉబ్బుంటే కార్పెంటర్ దగ్గర పొడుగు క్లాంపు అడిగి తెచ్చి, చెక్కముక్కలు ఆసరా పెట్టి మెల్లిగా దగ్గరికి లాగుతారు. సిలికాన్ కూడా బాత్రూముల్లో వాడే ఫంగస్ మందు కలిపిన రకం పనికిరాదట, అక్వేరియంది కావాలట. అంతా అయ్యాక వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, వారం పాటు, చుక్క నీరు పొయ్యరు. వారం! ఆదివారం పెళ్లివారు పిల్లని చూడ్డానికొస్తే ఖాళీ తొట్టి చూపిస్తారా?

మీరు సాయంత్రానికల్లా అంచుదాకా నింపండి. సుమారు 250 లీటర్లు. స్విచ్‌బోర్డు తొట్టి వెనకే ఉందా, మరీ సౌకర్యం. కింది ఫ్లాటు వాళ్లు కొత్తగా ఫాల్స్ సీలింగ్ చేయించారని విన్నాం. ఓసారి పులిహోర పట్టుకెళ్లి పరిచయం పెంచుకోండి. పొరపాటున చేప పోతే, ఇంటాయన గండం అది తీసుకుపోయిందని చెప్పేవాళ్లు మీ ఫ్లోర్‌లోనే దొరుకుతారు.

రాత్రంతా తొట్టి నిలబడిందా? ఇక ఆలస్యం వద్దు. పట్టీ పడకుండా కింది నుంచి ఫొటో తీసి, "స్టాండుతో సహా, లీకేజీ లేదు, ట్రాన్స్‌ఫర్ వల్ల అమ్ముతున్నాం" అని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టండి. కొనడానికొచ్చినాయన పైన చెయ్యి పెట్టి తడమబోతే, "ఇలా రండి సార్, ముందు ఈ ఫ్లవర్‌హార్న్ తలకాయ చూడండి" అనండి.