పంచెలో మోకాలు: టీకా తాత్పర్య సహితం

అవతారిక: అమలాపురంలో రిటైరైన మాస్టారొకరు పొద్దున్నే పెరట్లో బస్కీలు తీస్తుండగా, ఆయన ఫోను తప్పులెన్నిన ఘట్టం.

మూలం (ఆటవెలది):

పంచె కట్టినట్టి బస్కీల వీరుని
ఫోను కన్ను చూచి పూని చెప్పె
మడమ లేచె, నడుము మరి వంగె, మోకాలు
వంగలేదు, మరల వంగు మనుచు.

ప్రతిపదార్థం: పంచె కట్టినట్టి = చీలమండల దాకా పంచె జార్చిన; బస్కీల వీరునిన్ = మాస్టారిని (2023లో గంటకు 565 కిలోమీటర్ల బ్యాడ్మింటన్ స్మాష్‌తో గిన్నిస్‌కెక్కిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డిది కూడా అమలాపురమే; ఈ వీరుడు వేరు); ఫోను కన్ను = కొబ్బరిచెట్టు మొదట ఆనించిన ఫోను కెమెరా; చూచి = అనిమిషంగా చూచి (కన్నే గాని రెప్ప లేదు గనుక); పూని = పట్టుబట్టి; చెప్పెన్ = పలికెను (వంటింట్లోకీ వినబడిందని ధ్వని); మరలన్ = ఇంకొకసారి (తీసినది లెక్కకు రాదని భావం).

తాత్పర్యం: సుగమం.

విశేషాలు: బస్కీలంటే గుంజీళ్లు కావు. అయినవిల్లి వినాయకుడి ముందు గుంజీళ్లకు లెక్క చాలు. బస్కీలకు లోతు కావాలి. తుంటి, మోకాలు, చీలమండ అనే మూడు బిందువులను కలిపి యంత్రం ఆ లోతు కొలుస్తుంది. నిలబడితే కోణం 180 డిగ్రీలకు దగ్గర. తొడ నేలకు సమాంతరమైతే 90 దరిదాపు. 2010లో వచ్చిన మైక్రోసాఫ్ట్ కినెక్ట్ పరారుణ కిరణాలతో దూరం కొలిచి 20 కీళ్లను పట్టేది. 2020లో గూగుల్ తెచ్చిన బ్లేజ్‌పోజ్ మామూలు కెమెరా బొమ్మలోంచే 33 బిందువులు గుర్తిస్తుంది. మడమ కూడా అందులో ఉంది గనుకనే "మడమ లేచె" అన్న ప్రయోగం సాధువు.

పాఠాంతరం: రాజోలు ప్రతిలో "నిక్కరేసినట్టి" అని ఉంది. మోకాలు బయటపడుతుంది గాని యతి చెడుతుంది. అగ్రాహ్యం.

ఆక్షేపం: పంచె చాటున ఉన్న మోకాలు వంగలేదని కన్నెలా చెప్పింది?

సమాధానం: అనుమాన ప్రమాణంతో. పొగను చూసి నిప్పు ఉందన్నట్టు, పంచె మడతను, చుట్టూ ఉన్న అవయవాలను చూసి మోకాలు ఇక్కడ ఉండాలని ఊహిస్తుంది. బిందువు ఎంత స్పష్టంగా కనబడిందో తెలిపే అంకె ఒకటి యంత్రం లోపల ఉంటుంది. గొంతులో మాత్రం ఆ సందేహం వినిపించదు. ఊహించినదాన్ని చూసినట్టు పలకడమే ఇక్కడి దోషం. మాస్టారు కోప్పడవలసింది కోణం గురించి కాదు, ఆ ధీమా గురించి.

వినియోగం: పంచె ఎగగట్టుకోవాలి. ఫోను పక్కన పెడితే లోతు తెలుస్తుంది; ఎదురుగా పెడితే మోకాళ్లు లోపలికి వాలడం తెలుస్తుంది. ఒంటికన్నుకు ఈ రెండూ ఒక్కసారే చక్కగా అందవు. నొప్పి దానికి ఏ వైపునుంచీ కనబడదు. మోకాలు కలుక్కుమని మాస్టారు "అమ్మో" అంటే, ఆ శబ్దమే ప్రమాణం. ఫోను ఇంకా వంగమన్నా వంగరాదు.