మనసుకు మార్జిన్ మనీ

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికి తెలుగు ఇళ్లలో అప్పులు మొదలవుతాయి. బీటెక్‌కి చేసేది పెట్టుబడి. తక్కినదేదైనా అప్పే. మా పెదనాన్నగారి మనవరాలు సైకాలజీ చదువుతానన్న రోజున ఇంట్లో ఎవరూ తిట్టలేదు. వాళ్లమ్మ పక్కన కూర్చుని, తల నిమురుతూ, "నిన్నెవరైనా ఏమైనా అన్నారామ్మా?" అని మాత్రం అడిగింది.

రెండేళ్ల కిందట వాళ్ల అన్నయ్యని ఊరవతల ఇంజినీరింగ్ కాలేజీలో చేర్చినప్పుడు అక్కడ ల్యాబ్ ఉందా, పాఠం చెప్పేవాళ్లున్నారా అని అడిగిన పాపాన పోలేదెవరూ. అదే కుటుంబం సైకాలజీ అనేసరికి రాత్రికి రాత్రి చార్టర్డ్ అకౌంటెంట్ల ముఠాగా మారిపోయింది.

లెక్క అడగడం తప్పని నేననను. అడగాల్సిందే. సర్కారు డిగ్రీ కాలేజీలో చేరితే అసలు అప్పు ఊసే ఉండదు. కానీ అమ్మాయికి ఓ ప్రైవేటు యూనివర్సిటీ నచ్చింది. దానికి అద్దాల గోడలున్నాయి, అందుకని ఫీజు లక్షల్లో ఉంది. బ్యాంకువాళ్ల లెక్కలో 4 లక్షల దాకా మార్జిన్ మనీ అక్కర్లేదు, 7.5 లక్షల దాకా తాకట్టు అడగరు. తాకట్టు అడగని చోటిదాకా వెళ్లి ఆగడం మనవాళ్ల సంప్రదాయం. 10 శాతం వడ్డీ, పదేళ్ల వాయిదాలు వేసుకుంటే నెలకి 9,900 పైచిలుకు. చదివినన్నాళ్లూ, ఆపైన ఉద్యోగం వెతుక్కోమని ఇచ్చే ఏడాదీ వాయిదా కట్టక్కర్లేదు. వడ్డీ మాత్రం ఆ సెలవులు తీసుకోదు.

"80ఈ కింద వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉందండీ, ఎనిమిదేళ్లు," అన్నారు మేనేజరుగారు ఊరడింపుగా.

"పిల్లకొచ్చే జీతానికి పన్ను పడుతుందంటారా?" అన్నాడు పెదనాన్న.

"పడదండీ."

"మరి మినహాయింపు దేన్నించి?"

మేనేజరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సీనియర్లని వాకబు చేస్తే సంగతి ఇంకాస్త తేలింది. ఒకమ్మాయి హెచ్‌ఆర్‌లో ఉంది, అంటే ఇంటర్వ్యూకి వస్తానని రానివాళ్లకి రోజంతా ఫోన్లు చేస్తుంది. ఇంకొకమ్మాయి బడిలో ఆటిజం ఉన్న పిల్లాడి పక్కన కూర్చునే షాడో టీచరు. ఇద్దరిలో నిజంగా సైకాలజీ చేస్తున్నది ఈమే, తక్కువ జీతమూ ఈమెకే. 18 వేలు. అందులో వాయిదా పోగా, అమీర్‌పేట హాస్టల్లో మంచం అద్దె పోగా, చేతిలో మిగిలేది తాను చదివిన సబ్జెక్టే. ఆందోళన.

క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు కట్టుకోవాలంటే బీఏ గుమ్మం దగ్గరి చెప్పుల స్టాండు లాంటిది, లోపలికి ఇంకా వెళ్లాలి. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎంఏ, రెండేళ్ల ఎంఫిల్, ఆపైన రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. ఇంటర్న్‌షిప్‌తో కలిపినా ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లే. పైగా ఆ ఎంఫిల్‌నే యూజీసీ 2022లో ఎత్తేసి, తర్వాత నాలిక్కరుచుకుని, ఈ కోర్సుకి 2025-26 దాకా ఊపిరి పోసింది. ఇలాంటి అనిశ్చితి మనిషి మీద ఏం ప్రభావం చూపుతుందో పాఠంలోనే ఉంటుందనుకుంటా.

చుట్టాల గోల వేరు. "సైకాలజీ అట కదా, నా మనసులో ఏముందో చెప్పు" అనని పిన్ని లేదు. ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీతోపాటు పారాసైకాలజీ కూడా పెట్టించారు. ఆ విభాగం ఇంకాస్త శ్రమపడి ఉంటే పిన్నికి జవాబు దొరికేది.

దేశానికి వీళ్ల అవసరం లేదా అంటే, బోలెడుంది. వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని 2015-16 సర్వేలో నిమ్హాన్స్ తేల్చింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది పిల్లలున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. పెదనాన్న మొహం వెలిగింది. మన ఊళ్లలో వందమంది పిల్లల్లేని కాలేజీ ఎక్కడుంది?

నిజమే, ఓ కాలేజీ ఆ సీనియర్లలో ఒకమ్మాయిని పిలిచింది కూడా. పొద్దున ఫ్రంటాఫీసు, మధ్యాహ్నం ఫీజు బకాయిలున్న తల్లిదండ్రులకి ఫోన్లు, సాయంత్రం 4 నుంచి 5 దాకా పిల్లల మనసు. ఇంటర్వ్యూలో ఏఓగారు అడిగారట:

"పిల్లలకి ఒత్తిడి దేనివల్ల వస్తుందమ్మా?"

"పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్ వల్ల సార్."

"అది కాకుండా ఇంకేదైనా చెప్పు."

ఆవిడకి ఇంకేదీ తోచలేదు. ఉద్యోగం జూవాలజీ సారుకి అదనపు బాధ్యతగా వెళ్లింది.

మనసు మీద సంపాదించేవాళ్లు లేరా? ఉన్నారు, ఫంక్షన్ హాళ్లు నిండేలా ఉన్నారు. మెడకి మైకు, టికెట్టుకి రెండువేలు, విజయానికి ఏడు మెట్లు. అప్పు ఒక్క రూపాయి లేదు, ఎందుకంటే చదువే లేదు. వీళ్లలో కొందరు స్టేజీ దిగి డిప్రెషన్‌కి వైద్యం కూడా మొదలెడతారు. రిజిస్ట్రేషన్ లేకుండా అలా చేస్తే శిక్ష లేదా అని పెదనాన్న నన్ను నిలదీశాడు. ఉంది. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

పెదనాన్న కాగితం తీశాడు. ఓ పక్క 7.5 లక్షలు, ఏడేళ్లు అని రాశాడు. ఇంకో పక్క వెయ్యి అని రాసి, చాలాసేపు దానివైపే చూశాడు.

"ఆ వెయ్యీ ముందే కట్టేస్తే," అన్నాడు, "రసీదు ఇస్తారంటావా?"