ఐదు వందల లోపు ద్రాక్షాసవ వ్యాఖ్య

మూలము: “అన్నా, ఐదు వందలల్ల మంచి వైన్ ఏదన్న ఉన్నదా?”

అవతారిక: కాళిదాసుకు సంజీవని రాసిన మల్లినాథ సూరిది కొల్చారం. 2016 అక్టోబరు దాకా ఆ ఊరూ మా సిద్దిపేటా ఒకే మెదక్ జిల్లా. మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఆయన మాటిచ్చాడు. మొదటిది మాకూ సమ్మతమే. రెండోదానికి హామీ లేదు.

ప్రతిపదార్థము: అన్నా = జాలీ వెనుక నిలిచినవాడా (చిన్నవాడైనా సరే); ఐదు వందలల్ల = జేబు హద్దు దాటక; మంచి = ఇక్కడే వివాదం; వైన్ = ద్రాక్షరసం పులిసి పుట్టినది; ఏదన్న = పేర్లు తెలియవని ధ్వని; ఉన్నదా = లేకుంటే బీరియ్యి అని శేషం.

తాత్పర్యము: బేరానికి తావు లేదు, సీసా మీద ఎమ్మార్పీ ఉంది. కనుక ప్రశ్న ధర గురించి కాదు, దానికి తగ్గ సరుకు గురించి.

పూర్వపక్షము: “విస్కీల 42.8 శాతం, దీంట్ల పన్నెండో పదమూడో. 750 మిల్లీలీటర్లు ఒడగొట్టినా క్వార్టర్ కన్న జరంత ఎక్కువ, గంతే. పైసలు దండుగ.” లెక్క తప్పు కాదు. అయితే ఎక్కడమే ఫలమనుకునేవాడు ఈ అర వైపే చూడనక్కర లేదు.

సిద్ధాంతము: గాజు, మూత, లేబుల్, నాసిక్ నుంచి లారీ కిరాయి చవక సీసాకూ తప్పవు. అవి పోగా ద్రాక్షకు మిగిలేది కొంచెమే. అందుకే అట్టడుగు ధర కన్న ఒక మెట్టు పైది తరచు లాభం. ఇంకా పైకి పోతే పేరుకూ కట్టాలి.

పరీక్ష: ఫ్రిజ్జులోంచి తీసిన తొలి గుక్కను నమ్మరాదు. చల్లదనం వాసనను అణుస్తుంది, చక్కెర లోపాలను కప్పుతుంది. పావుగంట ఆగి మళ్లీ తాగాలి. అప్పుడూ నచ్చితే పైసలు వసూల్. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊరు మాది. కిటికీ పక్క సీసా, బిరడా పైకి పొడుచుకొచ్చినదైతే, సగం ధరకిచ్చినా వద్దు.

విశేషము: తీపి వైన్ అనగానే పెదవి విరిచే పండితులున్నారు. వారు నాటుకోడి కూరతో వగరు రెడ్ వైన్ తాగి చూడవలె: కారం ఇంకా మండుతుంది. అక్కడ చల్లని, కాస్త తీపిగల తెల్లదే గెలుస్తుంది.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో “వైన్” చోట “కల్లు” అని ఉన్నది. పొద్దున దింపినది తీపి, సాయంత్రానికి పులుపు; లేబుల్ లేదు, బిరడా లేదు. ఆ పాఠానికి టీక చెట్టు కిందనే రాయవలెను.